నడిచేవాళ్లు లేని రోడ్డు

ఈ సంగతి జరిగిన రోజుల్లో నాకు రాయడం రాదు. ఇన్నాళ్లూ రాయకపోవడానికి వేరే కారణం ఏమీ లేదు. అడిగినవాళ్లకి నోటితో చెప్పేదాన్ని. నోటితో చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మొహం చూసి ఒక మాట తగ్గిస్తాం, ఒక మాట పెంచుతాం. డాక్టర్లు కూర్చున్న చోట ఒకలా చెప్పాను, ఆడవాళ్ల దగ్గర ఇంకోలా చెప్పాను. ఇప్పుడు ఎవరి మొహమూ చూడకుండా చెప్పాలని ఉంది.

మా ఊళ్లో బడి కాలవ అవతలి గట్టున ఉండేది. దాటడానికి రెండు తాటిదుంగలు పక్కపక్కన వేసి ఉండేవి. మా అన్నలు పలకలు నెత్తిన పెట్టుకుని వాటి మీద పరుగెత్తేవాళ్లు. నన్నూ పంపమని మా అమ్మ ఒకసారి అడిగింది. "ఆడపిల్ల. కాలు జారితే ఎవరిది పూచీ?" అన్నాడు మా నాయన. ఆ మాటతో నా చదువు అయిపోయింది. తర్వాత గేదెలు, మిరపకోతలు, పెళ్లి, ఒక్కగానొక్క కూతురు. ఆ కూతుర్ని మాత్రం మా ఆయన పట్టుబట్టి చదివించాడు. అది గుంటూరులో డాక్టరు చదివి, ఇంజనీరుని చేసుకుని అమెరికా వెళ్లింది. మా ఆయన పోయాక, దానికి పిల్ల పుట్టినప్పుడు, నన్నూ తీసుకెళ్లిపోయింది.

అక్షరాలు నేర్చుకున్నది అక్కడే, ఎనభైల్లో. ఆదివారం పూట ఒకరింటి బేస్‌మెంటులో మన పిల్లలకి తెలుగు చెప్పేవారు. మనవరాలికి తోడుగా వెళ్లి వెనక మడతకుర్చీలో కూర్చునేదాన్ని. పిల్లలు గుణింతాల దగ్గర విసుగెత్తి ఒక్కొక్కరే మానేశారు. నా మనవరాలూ మానేసింది. నేను మానలేదు. "మామ్మగారూ, మీ ఒక్కరి కోసమే హీటర్ వేస్తున్నానండీ" అని పాఠం చెప్పే ఆవిడ నవ్వేది. మాట పక్కన మాట పెట్టి ఇంతమాత్రం రాయగలగడానికి చాలా ఏళ్లు పట్టింది.

జరిగింది మాత్రం అంతకు ముందు, డెబ్బైల చివర్లో.

మేముండే ఊరు డెట్రాయిట్‌కి అరగంట దూరం. మా అపార్ట్‌మెంట్లు మొక్కజొన్న పొలం చదును చేసి కట్టినవి. వాటి ముందు పెద్ద రోడ్డు. రోడ్డుకి అవతల స్కూలు. చుట్టూ పొలాలున్నప్పుడు వేసిన రోడ్డునే ఇళ్లు పెరిగాక వెడల్పు చేశారు. వెడల్పు చేశారు గాని దాటడానికి ఏమీ పెట్టలేదు. తెల్ల గీతలు లేవు, లైటు లేదు, మనిషి లేడు. పొద్దున పిల్లలు స్కూలుకి వెళ్లే వేళకే ఆఫీసులకి పోయే కార్లన్నీ ఆ రోడ్డు మీదే వచ్చేవి. స్కూలు బస్సు దూరపు ఇళ్లకే వస్తుంది. మా కిటికీలోంచి స్కూలు జెండా కనిపించేది కాబట్టి మమ్మల్ని నడవమన్నారు.

ఆ అపార్ట్‌మెంట్లలో అప్పటికి తెలుగు కుటుంబాలు బాగానే ఉండేవి. మగవాళ్లు కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. ఇంటికి ఒక్కటే కారు, అది మొగుడితో పాటు ఆఫీసుకి పోయేది. మా ఇంట్లో రెండో కారు ఉన్నా అది నా కూతురితో తెల్లారకముందే హాస్పిటల్‌కి పోయేది. అందుకని పిల్లల్ని ఆడవాళ్లమే నడిపించి తీసుకెళ్లేవాళ్లం. చీర మీద కోటు, కాళ్లకి బూట్లు, తలకి మఫ్లరు.

ఆ రోడ్డు దగ్గర మా అందరికీ ఒక ఇబ్బంది ఉండేది. మన దేశంలో రోడ్డు దిగేటప్పుడు ముందు కుడివైపు చూస్తాం, బండి అటునుంచే వస్తుంది కాబట్టి. అక్కడ బండ్లు ముందు ఎడమవైపు నుంచి వస్తాయి. ఆ సంగతి బుర్రకి తెలుసు. మెడకి తెలియదు. పుట్టినప్పటినుంచి అలవాటైన మెడ, కాలు దిగేసరికి కుడివైపే తిరుగుతుంది. ఫస్ట్ గ్రేడ్ చదివే నా మనవరాలు నా గడ్డం పట్టుకుని తిప్పేది. "అమ్మమ్మా, నువ్వు మళ్లీ రాంగ్ చూస్తున్నావ్. లెఫ్ట్ ఫస్ట్."

మా కింది అంతస్తులోకి ఆ ఏడు శరత్కాలంలో వరంగల్ అమ్మాయి ఒకతి వచ్చింది. మొగుడు రెండేళ్ల ముందే వచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆమె, ఐదేళ్ల కొడుకు కొత్తగా దిగారు. పిల్లవాణ్ణి కిండర్‌గార్టెన్‌లో వేశారు. మొదటి రోజు రోడ్డు పక్కన నిలబడి దాటడానికి ధైర్యం చాలక నన్ను చూసి, "పెద్దమ్మా, నీ ఎంబడి రావచ్చునా?" అని అడిగింది. అప్పటినుంచి రోజూ కలిసే వెళ్లేవాళ్లం. నవ్వుతూ మాట్లాడే మనిషి.

"ఈ దేశంల గాలి గూడ కోస్తది పెద్దమ్మా. మా అత్తమ్మ నోరే నయం" అనేది.

"మీ అత్తగారికి ఉత్తరంలో అదే రాయించు" అనేదాన్ని.

"రాస్తే ఆమె గూడ వస్తది. అప్పుడు రెండు చలులు పడాలె నేను."

నవంబరులో ఒక పొద్దున, మొదటి మంచు పడి కరిగి రోడ్డంతా చిత్తడిగా ఉంది. పిల్లవాడి చేతి తొడుగు ఒకటి కనిపించడం లేదని, మమ్మల్ని ముందు పొమ్మని, వెతుక్కుని వస్తానంది. మేము దాటేశాం. మనవరాల్ని స్కూలు గేటులోకి పంపి వెనక్కి తిరిగేసరికి ఆ తల్లీ కొడుకూ అవతలి అంచున నిలబడి ఉన్నారు. తొడుగు దొరికిందన్నట్టు పిల్లవాడి చెయ్యి పైకెత్తి నాకు చూపించింది. కుడివైపు చూసింది. అటు ఏమీ లేదు. కాలు దించింది.

ఎడమవైపు నుంచి వచ్చిన కారుని ఆమె చూసిందో లేదో గాని, పిల్లవాణ్ణి మాత్రం వెనక్కి తోసింది. వాడు గడ్డిలో పడ్డాడు. ఆమె రోడ్డు మీద పడింది.

కారు నడిపినవాడు చిన్నవాడే, ఆఫీసుకి పోతున్నాడు. దిగి వచ్చి రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు. అక్కడ రోడ్డు పక్కనే ఒక పాత ఇల్లు ఉండేది. ముందు చెక్క వరండా, ఆ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునే ఒక అమెరికన్ ముసలావిడ. భర్త పోయి ఒంటరిగా ఉండేది. ఆవిడ ఇంట్లో పరుచుకునే బొంత పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ బొంత అమ్మాయి మీద కప్పి, అంబులెన్సు వచ్చేదాకా ఆమె తల పక్కన బురదలో కూర్చుంది. నేను పిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడ్డాను. తొడుగు వేసిన చెయ్యి వాడు నా మెడ మీంచి తియ్యలేదు.

తుంటి ఎముక విరిగింది, తొడ దగ్గర రెండు చోట్ల విరిగింది. "బతుకుతుందమ్మా. నడుస్తుంది కూడా. కాని కుంటుతుంది" అని నా కూతురు సాయంత్రం వచ్చి చెప్పింది. పోలీసులు ఆమెని హాస్పిటల్ మంచం దగ్గరే అడిగారు. నేను కుడివైపు చూశాను, అటు ఏమీ లేదు, అందుకని దిగాను అని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లు అదే రాసుకున్నారు. కారు నడిపినవాడి తప్పేమీ లేదని తేలింది.

ఆ తర్వాత వారంలోనే వరండా ముసలావిడ మా తలుపు కొట్టింది. నా మనవరాలు మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. ఆవిడ చెప్పింది ఇదీ. అక్కడ సిగ్నల్ లైటు పెట్టాలి, లేదా పొద్దునా సాయంత్రం పిల్లల్ని దాటించడానికి జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టాలి. ఊరికే అడిగితే పెట్టరు. ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుని సిటీ హాల్లో ఇవ్వాలి. ఆవిడతో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులు కలిశారు. వాళ్లలో ఒకామె మా వెనక బిల్డింగులో ఉండేది, హోటల్లో వడ్డించే పని, మొగుడు లేడు, కారు లేదు. ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని రోజూ అదే రోడ్డు దాటేది.

"మీవాళ్ల తలుపులు నేను కొడితే భయపడుతున్నారు. మీరు రండి" అంది ముసలావిడ.

వెళ్లాను. ఆవిడ ఇంగ్లీషులో మొదలుపెట్టేది, నేను తెలుగులో పూర్తి చేసేదాన్ని. నా వంతు వచ్చినప్పుడు ఆవిడ పెన్ను చేతికిచ్చింది. నేను బొటనవేలు చూపించాను. ఆవిడకి అర్థం కాలేదు. పెన్ను సిరా వేలికి పూసుకుని కాగితం మీద అద్దాను. ఆవిడ ఆ ముద్ర వంక కాసేపు చూసి, నా పేరు అడిగి తనే పక్కన రాసింది.

ఇంట్లో మా అల్లుడు ఊరుకోలేదు. "అత్తయ్యగారు అమెరికాలో ఉద్యమం మొదలుపెట్టారు. ఇక మన ఫోటో పేపర్లో పడుతుంది" అన్నాడు అన్నం తింటూ.

"పడితే నీది కాదులే, నాది పడుతుంది" అన్నాను.

"అందుకే భయమండీ. వెనకాల మా కిచెన్ కూడా పడుతుంది."

నవ్వులాటగానే అన్నాడు గాని, మనవాళ్లలో చాలామందికి అది నవ్వులాట కాదు. డిసెంబరులో ఒక ఆదివారం ఒకరింట్లో అందరం భోజనాలకి చేరాం. ఎవరి వంట వాళ్లు తెచ్చుకున్నారు. అక్కడ అందరికీ పెద్దదిక్కు ఒక డాక్టరుగారు. కృష్ణా జిల్లా మనిషి. అందరికంటే ముందు వచ్చి స్థిరపడ్డాడు. కొత్తగా దిగినవాళ్లకి ఇల్లు చూపించేదీ, జ్వరమొస్తే మందిచ్చేదీ, మంచులో కారు ఆగిపోతే వచ్చి తీసేదీ ఆయనే. ఆయన మాట ఎవరూ తీసేసేవారు కాదు.

"అక్కయ్యగారూ, మీరు సంతకాలకి తిరుగుతున్నారని విన్నానండీ" అన్నాడు నాతో. "మంచి పనే. కాని మనం ఇక్కడ నిన్నగాక మొన్న వచ్చినవాళ్లం. సిటీ హాల్‌కి వెళ్లి, మాకు లైటు పెట్టండి, మనిషిని పెట్టండి అంటే ఏమనుకుంటారు? గ్రీన్ కార్డు ఇంకా చేతికి రానివాళ్లున్నారు మనలో."

"సంతకం పెడితే ఇబ్బందాండీ?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"ఇబ్బందని నేననడం లేదు. అవసరం ఏముందంటున్నాను. మన పిల్లల్ని మనం చూసుకోలేమా? షిఫ్టులు చూసుకుని వంతులు వేసుకోండి. ఒక్కో వారం ఒకరు. పొద్దున ఒకరు దింపితే మధ్యాహ్నం ఇంకొకరు తెస్తారు, ఒక కారులో నలుగురు పిల్లలు పడతారు. మన ఆడవాళ్లెవరూ ఇక ఆ రోడ్డు మీద కాలు పెట్టక్కర్లేదు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు. మన దగ్గర ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు మనవాళ్లం చూసుకుంటాం. తాసిల్దారు గడప తొక్కడం ఆఖరి మాట. ఆడవాళ్లు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. వరంగల్ అమ్మాయి మొగుడు పళ్లెం పక్కన పెట్టి, వచ్చి డాక్టరుగారికి దణ్ణం పెట్టాడు. ఆమె ఇంకా హాస్పిటల్లోనే ఉంది. పొద్దున పిల్లవాణ్ణి దింపి ఆఫీసుకి ఎలా పోవాలా అని అతను నెలరోజులుగా నలిగిపోతున్నాడు. నేనూ మంచిదే జరిగిందనుకున్నాను.

ఆ మర్నాటినుంచి కార్లు వచ్చేవి. కింద హారన్ మోగేది, మనవరాలు మెట్లు దిగి పరుగెత్తేది. ఆ చలికాలం నేను రోడ్డు వంక చూడటం కూడా తగ్గించేశాను. ముసలావిడ మాత్రం తిరుగుతూనే ఉంది. మోకాళ్ల దాకా మంచులో, సంతకాల కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని. మన ఇళ్లలో కొందరు పెట్టారు, కొందరు తలుపు తియ్యలేదు. ఒకసారి ఆవిడ నన్ను పోస్టు డబ్బాల దగ్గర ఆపి నా మనవరాలిని ఏదో అడిగింది. అది హుషారుగా జవాబు చెప్పింది. ముసలావిడ నా వంక చూసి తల ఊపి వెళ్లిపోయింది.

"ఏమడిగిందే?"

"మీరందరూ ఇప్పుడు వాక్ చెయ్యట్లేదేం అని. మాకు కార్‌పూల్ ఉంది అని చెప్పా."

ఫిబ్రవరిలో ఒక వారం రోడ్డుకి అడ్డంగా నల్ల రబ్బరు గొట్టం ఒకటి పరిచారు. కార్లు దాని మీంచి పోతుంటే టప్ టప్ మని చప్పుడు. పక్కన ఒక చిన్న ట్రక్కులో ఒకతను అద్దాలెత్తుకుని కూర్చుని ఉండేవాడు. ఏదో మరమ్మతు అనుకున్నాం. మన పిల్లలు కార్లలో అతని ముందు నుంచే పోయేవాళ్లు.

మార్చిలో సిటీ హాల్లో మీటింగు పెట్టారు. సాయంత్రం. నా కూతురు హాస్పిటల్ నుంచి తెల్లకోటుతోనే నేరుగా వచ్చింది. డాక్టరుగారు కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. వరంగల్ అమ్మాయి అప్పటికి ఇంటికొచ్చింది, చంకకర్రలతో నడుస్తోంది. మొగుడు వద్దన్నాడట. "నువ్వెందుకు? అంతా నీ మీదికే తెస్తరు" అన్నాడట. అయినా వచ్చి నా పక్కన కూర్చుంది. కాలు ముందుకి చాపుకుని, కర్రలు ఒళ్లో పెట్టుకుని.

ముసలావిడ ముందు మాట్లాడింది. సంతకాల కాగితాలు ప్లాస్టిక్ సంచిలోంచి తీసి వాళ్ల ముందు పెట్టింది. తర్వాత హోటల్లో పనిచేసే తల్లి మాట్లాడింది. ఎత్తు బల్ల వెనక కూర్చున్న సిటీ కౌన్సిల్ వాళ్లు మర్యాదగా విన్నారు. విన్నాక వాళ్లలో మధ్యలో ఉన్నాయన కళ్లజోడు పెట్టుకుని రెండు కాగితాలు చదివాడు. నా కూతురు నా చెవిలో చెబుతూ వచ్చింది.

మొదటి కాగితం పోలీసులది. ప్రమాదానికి రోడ్డు కారణం కాదు, దాటిన ఆమె వేరే వైపు చూసింది, తనే ఒప్పుకుంది.

రెండోది ఫిబ్రవరిలో తీసిన లెక్క, రబ్బరు గొట్టం కార్లని లెక్కపెట్టిందట, ట్రక్కులో కూర్చున్నతను దాటేవాళ్లని. ఆ రోడ్డు మీద కార్లు చాలా ఉన్నాయి, కాని దాటేవాళ్లు దాదాపు లేరు. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, అప్పుడప్పుడు ఒకరిద్దరు. ఇంత తక్కువమంది దాటే చోట లైటు పెట్టడానికీ మనిషిని పెట్టడానికీ నిబంధనలు ఒప్పుకోవు.

ముసలావిడ వెనక్కి తిరిగి మా వరస వంక చూసింది. కోపంగా చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది. రోజూ నడిచేవాళ్లం ఎక్కడికి పోయామో అప్పుడు నాకు అర్థమైంది. మన పిల్లల్ని మనం చూసుకున్నాం. చూసుకుని, ఆ రోడ్డు మీద ఎవరూ లేకుండా చేశాం. మిగిలింది కారు లేని ఒక తల్లి, ఆమె పిల్లలిద్దరూ.

"ఏమంటున్నడు పెద్దమ్మా?" అని వరంగల్ అమ్మాయి అడిగింది. చెప్పాను. ఆమె కర్రల వంక చూసుకుంది.

"నిజమే గద. కుడి దిక్కే చూసిన. నేనే చెప్పిన" అంది మెల్లగా.

ఇంకెవరైనా మాట్లాడతారా అని బల్ల దగ్గర అడిగారు. నేను లేచాను. నా కూతురు నా చెయ్యి పట్టుకుంది, ఆపడానికో తోడు రావడానికో తెలియలేదు. ఇద్దరం ముందుకి వెళ్లాం. నేను తెలుగులో చెప్పాను, అది ఇంగ్లీషు చేసింది.

"ఆ అమ్మాయి తప్పు వైపు చూసింది, నిజమే. నేనూ అలాగే చూస్తాను. నా మనవరాలు గడ్డం పట్టుకుని తిప్పితే గాని నా మెడ తిరగదు. మరి చిన్నపిల్లలు ఎటు చూస్తారు? వాళ్లు ఎటూ చూడరు. అవతల స్నేహితుడు కనిపిస్తే అటే చూస్తారు. తప్పు వైపు చూసినవాళ్లు కూడా ప్రాణంతో దాటగలిగేలా ఉండాలి కదా, పిల్లలు దాటే రోడ్డు. మనుషులు తక్కువున్నారన్నారు. ఆ రోడ్డంటే భయపడి మేము కారెక్కాం. భయపడి మానేసినవాళ్లని మీ మనిషి ఎలా లెక్కపెడతాడు?"

నేను చెప్పినదానికంటే నా కూతురు ఇంగ్లీషులో చెప్పింది పొట్టిగా ఉంది. కొన్ని మాటలు మెత్తబరిచిందని తెలుస్తూనే ఉంది. బల్ల వెనకాయన నాకు థాంక్స్ చెప్పాడు. వాళ్లు ఒకరితో ఒకరు గుసగుసలాడుకున్నారు. తర్వాత చెప్పిందేమిటంటే, ఇప్పటికి కుదరదు. కావాలంటే ఎండాకాలం సెలవులకి స్కూలు మూసేలోగా ఇంకోసారి లెక్క తీయిస్తాం. ఏ రోజుల్లో తీస్తారో ముందుగా చెప్పరు. అప్పుడు మనుషులు కనిపిస్తే మళ్లీ మాట్లాడదాం. అంతే. తర్వాత మంచు తోడే బండి రిపేరు గురించి మొదలుపెట్టారు.

బయట కార్ల దగ్గర చలిలో డాక్టరుగారు నా పక్కకి వచ్చాడు.

"బాధపడకండి అక్కయ్యగారూ. వాళ్లు పెట్టకపోతే పోనివ్వండి. మన ఏర్పాటు మనకుంది."

"మన ఏర్పాటు వల్లే పెట్టలేదండీ."

ఆయన తాళాలు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "నేను మంచికే చెప్పాను" అన్నాడు చివరికి.

"నాకు తెలుసు డాక్టరుగారూ. మేమందరం మంచికే ఎక్కాం."

"మరి ఇప్పుడేం చేద్దామంటారు? పిల్లల్ని తీసుకెళ్లి మళ్లీ ఆ రోడ్డు మీద పెడదామా?"

ఆ రోడ్డు మీద పిల్లని నడిపించమని ఒక తల్లిని అడగడం ఎంత పెద్ద మాటో, ఆ మాట ఎవరి మొహం మీద అడగాలో, నా కూతురి కారులో ఇంటికి వస్తున్నంతసేపూ అదే అనుకున్నాను. ముందు సీటులో వరంగల్ అమ్మాయి కాలు చాపుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున మనవరాలికి బూట్లు నేనే వేశాను. లేసులు గట్టిగా కట్టాను. కింద హారన్ మోగింది. ఆ వారం వంతు ఒక నెల్లూరు అబ్బాయిది. దాన్ని చెయ్యి పట్టుకుని కిందికి దింపి, కారు అద్దం మీద తట్టాను.

"ఇవాళ్టినుంచి మేము నడుస్తాం బాబూ. నువ్వు వెళ్లు."

"మామ్మగారూ, ఐస్ ఉందండీ రోడ్డు మీద."

"చూశాను."

"నిన్నటి మీటింగు మీద కోపం మా కారు మీద చూపిస్తే ఎలా అండీ?"

"కోపం కాదయ్యా. సాయంత్రం మీ ఆవిడతో మాట్లాడతాను. ఆమెకి చెప్పు, బూట్లు బయటికి తీసి పెట్టుకోమని."

అతను తల అడ్డంగా ఊపి గేరు వేశాడు. కారు వరంగల్ అమ్మాయి వాళ్ల గుమ్మం దగ్గరికి జరిగింది. నేనూ అక్కడికే వెళ్లాను. నాకంటే ముందే మొగుడు తలుపు తీసి పిల్లవాణ్ణి బయటికి పంపిస్తున్నాడు. లోపల ఆమె గోడకి ఆనించిన కుర్చీలో కూర్చుని ఉంది. నేను గడప ఇవతలే నిలబడ్డాను. అడగాలనుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె నన్ను చూసింది, నా చేతిలో మనవరాలి చెయ్యి చూసింది.

"నడుస్తున్నరా పెద్దమ్మా?"

"నడుస్తున్నాం తల్లీ."

"వీణ్ణి గూడ తోల్కపో."

మొగుడు వెనక్కి తిరిగాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? కారు ముంగట్నే ఉన్నది. ఆ రోడ్డు మీదికా, మళ్ల?"

"కార్ల పోతే వాణ్ణి ఎవరు చూస్తరు?" అంది ఆమె. "రాత్రి చెప్పిన గద నీకు. మనం లేమంట ఆడ. నేను ఉన్న. నా కాలి బొక్క ఇరిగింది ఆడనే."

"వానికేమన్న అయితే?"

"నాకు భయం లేదనుకుంటున్నవా?" గొంతు పెంచలేదు. "పెద్దమ్మ చెయ్యి ఇడువది. నేను నడిచేదాక ఎవరో ఒకరు నడవాలె. ఆ హోటలామె పిల్లలు రోజు నడుస్తలేరా? వాళ్లకు తల్లి లేదా?"

అతను ఒకసారి కారు వంక, ఒకసారి ఆమె కర్రల వంక చూశాడు. తర్వాత నెల్లూరు అబ్బాయికి చెయ్యి ఊపి పొమ్మన్నాడు. తల్లి పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచింది. కుర్చీలోంచే వాడి మఫ్లరు విప్పి మళ్లీ చుట్టింది, తొడుగులు రెండూ మణికట్టు దాకా లాగింది. వాడు ఏడవలేదు. నా చెయ్యి అందుకున్నాడు గాని, వేళ్లు కాదు, కోటు చెయ్యి గుప్పిట్లో పట్టుకున్నాడు. నేను ఆ గుప్పిట విప్పి వాడి చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.

మొగుడు మాతో రోడ్డు దాకా వచ్చాడు. ఆఫీసుకి ఆలస్యమవుతుందని తెలుసు, అయినా వచ్చాడు. అంచున నిలబడ్డాం. కార్లు వస్తూనే ఉన్నాయి. ముసలావిడ వరండాలోంచి లేచి మెట్ల దాకా వచ్చి అక్కడే ఆగింది. హోటల్లో పనిచేసే తల్లి తన ఇద్దరితో మా పక్కకి వచ్చి నిలబడింది. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె తల ఊపింది, నేనూ ఊపాను. చాలాసేపటికి రెండు వైపులా ఖాళీ అయింది. అందరం కలిసి దిగాం. పరుగెత్తలేదు. పిల్లవాడు మధ్యలో ఒకసారి ఆగబోతే నేను ఆగనివ్వలేదు.

పిల్లల్ని గేటులోకి పంపాం. వరంగల్ అమ్మాయి మొగుడు అవతలి అంచునే నిలబడి, కొడుకు లోపలికి వెళ్లేదాకా చూసి, తల దించుకుని కారు వైపు వెళ్లిపోయాడు. నేను మళ్లీ ఆగి, చూసుకుని, ఇవతలికి దాటాను. ఇంటికి పోలేదు. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రెండో బిల్డింగుకి వెళ్లి, మెట్లెక్కి, మొదటి తలుపు కొట్టాను.